మీ ఊళ్లో టీబీ పరీక్షలకి, కాంటాక్ట్ ట్రేసింగ్‌కి ప్రభుత్వ డబ్బులు ఎలా రప్పించాలి

ఇది సర్పంచులకి, వార్డు మెంబర్లకి, డ్వాక్రా లీడర్లకి, ఊరికి ఏదో ఒకటి చేద్దామని తిరిగే కుర్రాళ్లకి రాస్తున్నా. టీబీ పరీక్షలకి, పేషెంట్ చుట్టూ ఉన్నవాళ్లని వెతికి పరీక్ష చేయించే కాంటాక్ట్ ట్రేసింగ్‌కి ప్రభుత్వం దగ్గర డబ్బులు ఎక్కడున్నాయండీ అని చాలామంది అంటారు, ఉన్నాయి, కానీ ఒక్కచోట ఒక్క పేరుతో లేవు. నాలుగైదు ఖాతాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒక్కోదానికి అడిగే సీజన్ వేరు, అడగాల్సిన ఆఫీసు వేరు, చేతిలో పట్టుకెళ్లాల్సిన కాగితం వేరు. ఆ కాగితం ఊరి నుంచి వెళ్లకపోతే పైన ఎవరూ మన ఊరి పేరు తలచుకోరు, అంతే సంగతి.

ప్రపంచం మొత్తం మీద టీబీ పేషెంట్లలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 2015లో లక్షకి 237 మందికి కొత్తగా వచ్చేది, 2023కి అది 195కి తగ్గింది, మంచిదే, కానీ 2025 కల్లా టీబీ లేకుండా చేస్తాం అని పెట్టుకున్న టార్గెట్‌కి అది చాలా దూరం. మిగిలిన దూరం ఢిల్లీలోనో అమరావతిలోనో హైదరాబాద్‌లోనో తగ్గదు, మన వీధుల్లోనే తగ్గాలి, ఎందుకంటే దగ్గే మనిషి ఎవరు, వాళ్లింట్లో ఎంతమంది పడుకుంటారు అనేది ఊళ్లోవాళ్లకే తెలుసు.

ముందు లెక్క, తర్వాతే డబ్బు

ఎంపీడీఓ దగ్గరికి వెళ్లి "సార్ టీబీకి ఏమైనా ఫండ్స్ ఇవ్వండి" అంటే ఆయన ఏం చెయ్యలేడు. "మా పంచాయతీలో 3000 జనాభా, పోయిన ఏడాది 22 మందికే పరీక్ష జరిగింది, 90 మందికి జరగాలి, 68 మంది తక్కువ" అంటే అప్పుడు మాట వేరేగా ఉంటుంది.

ఆ 90 ఎక్కడ్నుంచి వచ్చిందంటే, 2023 మార్చి 24న వారణాసిలో టీబీ ముక్త్ పంచాయత్ అని ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టారు, దానికి కొన్ని కొలతలు ఉన్నాయి. ఏడాదికి ప్రతి వెయ్యి మందిలో కనీసం 30 మందికి టీబీ అనుమానంతో పరీక్ష జరిగి ఉండాలి, నమోదైన కేసులు వెయ్యికి ఒకటి లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, మందులు మొదలుపెట్టినవాళ్లలో కనీసం 85 శాతం మందికి నయమవ్వాలి, పేషెంట్లలో కనీసం 60 శాతం మందికి మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష జరగాలి, పోషకాహారం డబ్బులు అర్హులందరికీ అందాలి. ఇవి దాటితే మొదటి ఏడాది కాంస్య గాంధీ బొమ్మ, వరసగా రెండేళ్లయితే వెండి రంగుది, మూడేళ్లయితే బంగారు రంగుది ఇస్తారు. నాకు బొమ్మ ముఖ్యం కాదండి, ఈ కొలతలు ముఖ్యం, ఎందుకంటే ప్రభుత్వమే పెట్టిన కొలత కాబట్టి మీరు అదే పట్టుకుని అడిగితే ఎవరూ కాదనలేరు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కేసులు వెయ్యికి ఒకటి దాటకూడదు అని ఉంది కదా అని కొందరు పరీక్షలే తగ్గించేస్తారు, లేదా ఉన్న కేసుని పక్క మండలం అడ్రస్ మీద రాయిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మొదటి ఏడాది గట్టిగా వెతికితే కేసులు పెరుగుతాయి, పెరగాలి కూడా, అప్పుడే తర్వాతి ఏళ్లలో నిజంగా తగ్గుతాయి. దొరకని ఒక్క పేషెంట్ ఇంట్లో ఉన్న పసిపిల్లల సంగతి ఆలోచించండి.

ఈ లెక్క కోసం ముందు ఊళ్లో ఆశా కార్యకర్తని, ఏఎన్ఎంని, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో (పాత సబ్‌సెంటర్‌లో) ఉండే ఎంఎల్‌హెచ్‌పిని, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌ని, కలిపి ఒక అరగంట కూర్చోబెట్టండి. తర్వాత మీ టీబీ యూనిట్‌లో ఎస్టీఎస్ అని ఒకాయన ఉంటాడు, సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్, బండి మీద ఊళ్లన్నీ తిరిగేది ఆయనే, టీబీ పేషెంట్ల వివరాలు ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైట్ నిక్షయ్ పోర్టల్‌లో మీ ఊరి అంకెలు ఆయన తీసి ఇవ్వగలడు. గుర్తుపెట్టుకోండి, అంకెలే అడగండి, పేర్లు అడగకండి. పేషెంట్ల పేర్లు గ్రామసభలో చదవడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం లాంటివి ఎట్టి పరిస్థితుల్లో జరగకూడదు. ఒక ఆడపిల్ల సంబంధం చెడిపోయిందంటే ఆ వీధిలో ఇంకెవరూ తెమడ ఇవ్వడానికి ముందుకు రారు.

ఎవరికి పరీక్ష చేయించాలి అనేదానికి కూడా ఒక లిస్ట్ కావాలి. రెండు వారాలు దాటి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు ఉన్నవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లతోపాటు 60 దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, బాగా సన్నబడ్డవాళ్లు, పొగ, మందు అలవాటున్నవాళ్లు, ఇంతకుముందు టీబీ వచ్చి తగ్గినవాళ్లు, పేషెంట్ల ఇంట్లోవాళ్లు. వీళ్లకి దగ్గు లేకపోయినా ఎక్స్‌రే తియ్యాలి. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో తేలిందేంటంటే ఎక్స్‌రే తియ్యకుండా లక్షణాలు మాత్రమే చూసి ఉంటే 42.6 శాతం కేసులు తప్పిపోయేవి. అదే సర్వేలో లక్షణాలున్నవాళ్లలో 63.6 శాతం మంది అసలు ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్లలేదు. అందుకే చేతిలో పట్టుకెళ్లే పోర్టబుల్ ఎక్స్‌రే మా ఊరికి ఫలానా తారీకున పంపండి అని మీరు రాతపూర్వకంగా అడగాలి, జిల్లాలో ఉన్న మెషిన్ అడిగిన ఊరికి ముందు వెళ్తుంది.

ఏది ఫ్రీ, దేనికి డబ్బు కావాలి

తెమడ పరీక్ష, టీబీ క్రిమిని మెషిన్‌తో పట్టే ట్రూనాట్ లేదా సీబీనాట్ పరీక్ష, ఎక్స్‌రే, మందులు, ఇవన్నీ జాతీయ టీబీ కార్యక్రమం కింద ఫ్రీ. ట్రూనాట్ అంటే చాలామందికి కోవిడ్ గుర్తొస్తుంది, నిజానికి అది టీబీ కోసం వచ్చిన మెషినే, గోవా కంపెనీది, కరోనా టైమ్‌లో దానికీ వాడారు. కాబట్టి పంచాయతీ డబ్బులతో పరీక్షలు కొనాల్సిన పని లేదు, ప్రైవేట్ ల్యాబ్‌కి కట్టాల్సిన పని అసలే లేదు.

మరి డబ్బు దేనికి కావాలంటే మధ్యలో ఉండే చిన్న చిన్న ఖర్చులకి. తెమడ డబ్బాలు పీహెచ్‌సీ నుంచి ల్యాబ్ ఉన్న చోటికి చేర్చే బండి, క్యాంపు రోజు షామియానా, తాగునీళ్లు, తండా నుంచో గూడెం నుంచో ముసలివాళ్లని తీసుకొచ్చే ఆటో, టముకు, మైకు ప్రచారం, ఇంటింటికీ తిరిగేవాళ్లకి మాస్కులు, పేద పేషెంట్ల ఇంటికి పప్పులు, గుడ్లు. ఇవి లేకే క్యాంపులు ఫెయిల్ అవుతాయి. మెషిన్ ఉంటుంది, శాంపిల్ వెళ్లదు. ఇందులో కొన్నిటికి జిల్లా టీబీ ఆఫీసులోనే బడ్జెట్ ఉంటుంది, ముఖ్యంగా శాంపిల్ రవాణాకి, అది ముందు అడగండి, లేదంటేనే పంచాయతీ డబ్బు వైపు చూడండి.

డబ్బు ఎక్కడెక్కడ ఉంది

అన్నిటికంటే దగ్గర్లో ఉన్నది గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషకాహార కమిటీ ఖాతా. నేషనల్ హెల్త్ మిషన్ కింద ఊరికి ఏడాదికి 10,000 రూపాయల దాకా అన్‌టైడ్ ఫండ్ ఉంటుంది, అంటే ఫలానా దానికే ఖర్చుపెట్టాలని కట్టడి లేనిది. జాయింట్ అకౌంట్ ఉంటుంది, సంతకాలు ఎవరివో మీ ఏఎన్ఎంని అడగండి. చాలా ఊళ్లలో ఈ కమిటీ కాగితం మీదే ఉంటుంది, సర్పంచ్ మారాక సంతకం మార్చుకోకపోవడం వల్ల డబ్బు బ్యాంకులో అలాగే పడి ఉంటుంది. మొదటి పని ఆ సంతకాలు మార్పించడం. పదివేలు చిన్న మొత్తమే కానీ రెండు క్యాంపుల ఆటోలకీ నీళ్లకీ అది సరిపోతుంది, పైగా ఎవర్నీ అడగక్కర్లేదు, కమిటీ తీర్మానం చాలు.

రెండోది ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా పంచాయతీలకి ఇచ్చినదాంట్లో 60 శాతం నీళ్లకి, పారిశుధ్యానికే వాడాలని కట్టడి పెట్టారు, దాన్ని టైడ్ అంటారు, 40 శాతం అన్‌టైడ్. ఆ 40 శాతం జీతాలకి, ఆఫీసు ఖర్చులకి తప్ప రాజ్యాంగంలోని పదకొండో షెడ్యూల్‌లో ఉన్న 29 విషయాల్లో ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకోవచ్చు. ఆ లిస్ట్‌లో 23వది ఆరోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు, పీహెచ్‌సీలు. అందుకే సెక్రటరీగారు "దీనికి ప్రొవిజన్ లేదండీ" అంటే ఆ నంబర్ చెప్పండి, గొడవ అక్కర్లేదు. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి గ్రాంట్ రూల్స్‌లో ఏది టైడ్ ఏది అన్‌టైడ్ అనేది ఆ ఏడాది సర్క్యులర్ చూసుకుని రాసుకోండి.

కానీ అన్‌టైడ్ డబ్బు ప్లాన్‌లో లేకుండా ఖర్చుపెట్టలేం. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అదే జీపీడీపీ అంటారు, దాని క్యాంపెయిన్ మామూలుగా అక్టోబర్ 2న మొదలై జనవరి 31 దాకా నడుస్తుంది, ఆ తర్వాత ఏడాదికి పనులు అందులోనే ఖరారై ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కుతాయి. టీబీ అడగాల్సిన సీజన్ ఇదే. మార్చి 24న టీబీ డే అని ర్యాలీ తీసి ఆ రోజు ఫండ్స్ అడిగితే అప్పటికి ప్లాన్ అయిపోయి ఉంటుంది. ఆ ప్లాన్‌లో తొమ్మిది థీమ్‌లు ఉంటాయి, ఆరోగ్యకరమైన గ్రామం అనేది అందులో ఒకటి, దాని కింద మీ పని పెట్టించండి.

గ్రామసభలో తీర్మానం ఇలా రాయించుకోవచ్చు: "మన గ్రామ పంచాయతీ పరిధిలో వచ్చే ఆర్థిక సంవత్సరమున ప్రతి వెయ్యి మందికి కనీసం 30 మందికి టీబీ పరీక్ష చేయించుటకు, టీబీ సోకిన వారి కుటుంబ సభ్యులందరికీ పరీక్షలు జరిపించుటకు, అందుకు అవసరమగు రవాణా, శిబిర ఏర్పాట్లు, ప్రచారం, పోషకాహారం ఖర్చుల నిమిత్తం అన్‌టైడ్ నిధుల నుండి రూ. ___ కేటాయించుటకు గ్రామసభ తీర్మానించడమైనది." అంకె ఖాళీగా ఉంచి సంతకం పెట్టకండి. షామియానా, ఆటో, మైకు, డబ్బాల రవాణా విడివిడిగా మీ మండలం రేట్లతో వేసుకుని మొత్తం రాయండి. తీర్మానం కాపీ మీద స్టాంపు వేయించుకుని ఒకటి ఎంపీడీఓకి, ఒకటి పీహెచ్‌సీ డాక్టర్‌కి, ఒకటి జిల్లా టీబీ ఆఫీసర్‌కి ఇచ్చి రిసీవ్డ్ అని సంతకం తీసుకోండి.

మూడోది చాలామంది సర్పంచులు వినని డబ్బు. ఇదే 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల పేరు మీద ఆరోగ్యానికే విడిగా 2025-26 దాకా ఆ ఐదేళ్లకి 70,051 కోట్లు సిఫార్సు చేసింది. అందులో పీహెచ్‌సీలు, సబ్‌సెంటర్లు, అర్బన్ హెల్త్ సెంటర్లలో పరీక్షల సదుపాయానికి 18,472 కోట్లు, బ్లాక్ స్థాయి పబ్లిక్ హెల్త్ యూనిట్లకి 5,279 కోట్లు. ఇది పంచాయతీ ఖాతాలోకి వచ్చి పడే డబ్బు అనుకోకండి, ఎక్కువగా జిల్లా ఆరోగ్య శాఖ ద్వారా నడిచింది. కానీ స్థానిక సంస్థల పేరు మీద వచ్చింది కాబట్టి మా పీహెచ్‌సీకి దీని కింద ఏ మెషిన్లు మంజూరయ్యాయి, వచ్చాయా, పరీక్షకి వాడే రసాయనం (రీఏజెంట్) ఉందా అని మండల మీటింగ్‌లో అడిగే హక్కు మీకు ఉంది. సమాధానం రాకపోతే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి సమాచార హక్కు చట్టం కింద అప్లికేషన్ పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి. కొట్లాటగా కాకుండా మర్యాదగా రాయండి, అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది మీలాంటివాళ్లు అడిగితే పైకి రాయడానికి ఒక కారణం దొరుకుతుందని చూసేవాళ్లే.

నేషనల్ హెల్త్ మిషన్ డబ్బు కేంద్రం 60, రాష్ట్రం 40 లెక్కన వస్తుంది. జిల్లా నుంచి ప్లాన్ వెళ్తుంది, దాన్ని పీఐపీ అంటారు, ఢిల్లీలో ఒప్పుకున్నాక ఏ లైన్‌కి ఎంత అనేది ఆర్‌ఓపీ అనే కాగితంలో వస్తుంది, అది వెబ్‌సైట్‌లో అందరూ చూడొచ్చు. జిల్లా హెల్త్ సొసైటీకి కలెక్టర్ చైర్మన్. మీ మండలానికి ట్రూనాట్ లేకపోతే, ల్యాబ్ టెక్నీషియన్ పోస్ట్ ఖాళీగా ఉంటే ఆ విన్నపం వెళ్లాల్సింది అక్కడికి. ఒక్క ఊరు అడిగితే పక్కన పడేస్తారు, మండలంలో ఐదారు పంచాయతీలు తీర్మానాలు కలిపి ఎంపీపీతో ఇప్పిస్తే విలువ ఉంటుంది.

గనులున్న చోట ఇంకో దారి ఉంది. సింగరేణి ఏరియా కావచ్చు, బేతంచెర్ల వైపు రాయి క్వారీలు కావచ్చు, గూడూరు దగ్గర చిల్లకూరు వైపు సిలికా కావచ్చు, జిల్లా మినరల్ ఫౌండేషన్ అని ఒక ఫండ్ ఉంటుంది, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసమే అది, ఆరోగ్యం అందులో ప్రాధాన్య రంగం. రాతి దుమ్ము పీల్చేవాళ్లకి టీబీ వచ్చే అవకాశం మామూలువాళ్లకంటే చాలా ఎక్కువ, కాబట్టి క్వారీ కూలీల ఎక్స్‌రే వ్యాన్ కోసం ఆ ఫండ్ అడగడం న్యాయమైన కోరిక. దానికీ చైర్మన్ కలెక్టరే, సోమవారం గ్రీవెన్స్‌లో కాగితం ఇచ్చి నంబర్ తీసుకోండి.

కాంటాక్ట్ ట్రేసింగ్ అంటే చెయ్యాల్సింది ఏంటి

ఒక్కరికి ఊపిరితిత్తుల టీబీ అని తేలితే, ఆ ఇంట్లో పడుకునే ప్రతి మనిషి లిస్టులోకి రావాలి. ఐదేళ్లలోపు పిల్లలు అందరికంటే ముందు. తర్వాత పనిచేసే చోట పక్కన కూర్చునేవాళ్లు, బీడీలు కలిసి చుట్టేవాళ్లు, హాస్టల్ రూమ్మేట్లు. అందరికీ లక్షణాలు అడగాలి, ఎక్స్‌రే తియ్యాలి, టీబీ ఉంటే మందులు, లేదని తేలితే రాకుండా ముందుజాగ్రత్త మందు. దాన్ని టీపీటీ అంటారు, ఆరు నెలలు రోజూ వేసుకునేది ఒకటి, వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునేది ఇంకోటి. అదీ ఫ్రీనే. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి మందెందుకు అని తల్లిదండ్రులు అడుగుతారు, అప్పుడు విసుక్కోకుండా కూర్చుని చెప్పే మనిషి కావాలి, కాంటాక్ట్ ట్రేసింగ్‌లో సగం పని ఇదే.

వలస వెళ్లే ఊళ్లయితే టైమ్ చూసుకోండి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిర్చి కోతలకి కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోతాయి, అప్పుడు క్యాంపు పెడితే ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు. వాళ్లు కదలకముందే పెట్టండి. మందులు మొదలైనవాళ్లు వెళ్లాల్సి వస్తే వాళ్ల నిక్షయ్ ఐడీ కాగితం మీద రాసి ఇచ్చి పంపండి, ఆ నంబర్ మీద ఏ జిల్లాలో అయినా, వేరే రాష్ట్రంలో అయినా మందులు తీసుకోవచ్చు.

ఇంకోటి, ప్రైవేట్ డాక్టర్ దగ్గర చూపించుకునేవాళ్లు. 2012 నుంచి టీబీ కేసుని ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి, 2018లో తెలియజేయకపోతే శిక్ష కూడా పెట్టారు. తెలియజేసిన ప్రైవేట్ డాక్టర్‌కి 500, ట్రీట్‌మెంట్ పూర్తయిన వివరం ఇస్తే ఇంకో 500 ఇస్తారు. మీ మండలంలో ఆర్ఎంపీలు, మెడికల్ షాపులవాళ్లు కూడా అనుమానం ఉన్న మనిషిని పంపి, కేసు తేలితే సమాచారం ఇచ్చినందుకు వాళ్లకీ 500 వస్తుంది. దగ్గుతో మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే కదా, వాళ్లని పిలిచి ఒక టీ ఇచ్చి ఈ మాట చెప్పండి, చాలా తేడా ఉంటుంది.

పేషెంట్ డబ్బు పేషెంట్‌కి చేర్చడం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. తిండి లేకపోతే మందు ఆపేస్తారు, మందు ఆపేస్తే మామూలు మందులకి లొంగని మొండి టీబీ, అది ఇంట్లోవాళ్లకి అంటుకుంటే మొదటికొస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన 2018 ఏప్రిల్‌లో నెలకి 500తో మొదలైంది, 2024 నవంబర్ 1 నుంచి నెలకి 1000 చేశారు. మొదట్లోనే 3000, 84 రోజుల మందులు పూర్తయ్యాక ఇంకో 3000. ప్రైవేట్‌లో చూపించుకునేవాళ్లకి కూడా వస్తుంది, నిక్షయ్‌లో పేరు ఉంటే చాలు. గిరిజన ప్రాంతాల్లో ప్రయాణానికి ఒకసారి 750 అదనం.

ఆగిపోయేది ఎక్కడంటే బ్యాంకు దగ్గర. జన్‌ధన్ ఖాతా వాడక ఆగిపోయి ఉంటుంది, ఆధార్ లింక్ ఉండదు, పేరులో అక్షరం తేడా ఉంటుంది, అసలు ఖాతానే ఉండదు. మనిషి జ్వరంతో పడుకుని ఉంటే మండల బ్రాంచ్ చుట్టూ తిరగలేడు. పంచాయతీ చెయ్యగలిగిన పైసా ఖర్చులేని పని ఇదే, సచివాలయం వాళ్లలో ఒకర్నో, డ్వాక్రా నుంచి ఒకర్నో దీనికి పెట్టండి, పోస్టాఫీస్ ఖాతా అయినా తీయించండి. ఖాతా కుదరకపోతే పేషెంట్ ఒప్పుకుంటే ఇంట్లోవాళ్ల ఖాతాకి కూడా వేయించొచ్చు, ఎస్టీఎస్‌కి చెప్తే మారుస్తాడు. పడలేదు అంటే ఫోన్ చెయ్యాల్సిన టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666.

దీనికి తోడు నిక్షయ్ మిత్ర. 2022 సెప్టెంబర్ 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మొదలుపెట్టారు. ఎవరైనా పేషెంట్‌ని కనీసం ఆరు నెలలు దత్తత తీసుకోవచ్చు, పెద్దవాళ్లకి నెలకి ధాన్యం 3 కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె 250 గ్రాములు, పాలపొడో వేరుశెనగో ఒక కిలో, ఇదీ బుట్ట. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డ మన ఊరివాళ్లు గుడికి, ఆర్చికి ఇచ్చేది ఒక్క ఏడాది దీనికి ఇవ్వమని అడగండి, ఇక్కడున్న వాళ్ల అన్నదమ్ముల పేరు మీద రిజిస్టర్ చేయిస్తే సరిపోతుంది. 2024 నుంచి ఇంట్లోవాళ్లకి కూడా బుట్ట ఇవ్వొచ్చు అన్నారు. దాని వెనక గట్టి కారణం ఉంది, జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో చేసిన పరిశోధన 2023లో వచ్చింది, పేషెంట్ ఇంట్లోవాళ్లకి సరిపడా తిండి ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పప్పు బియ్యంతో అంత తగ్గిందంటే పంచాయతీ బడ్జెట్‌లో పప్పులకి లైన్ పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి.

ఆశా కార్యకర్తల డబ్బు గురించి కూడా పట్టించుకోండి. మామూలు టీబీ పేషెంట్‌ని పూర్తయ్యేదాకా మందు మింగించినందుకు 1000, మొండి టీబీకి 5000 ఇవ్వాలి. అది నెలలు నెలలు ఆగితే ఆ అమ్మాయి ఇంకో ఇంటి తలుపు ఎందుకు కొట్టాలి చెప్పండి. మండల మీటింగ్‌లో పెండింగ్ ఎంతో మీరే అడగండి, ఆమె అడిగితే ఇబ్బంది, మీరు అడిగితే ఇబ్బంది లేదు.

బిల్లులు

ప్రతి ఖర్చుకి ఓచర్, ఫొటో, తారీకు. క్యాంపు ఫొటోలో పేషెంట్ ముఖం పడకుండా తియ్యండి. వచ్చినవాళ్ల రిజిస్టర్ ఏఎన్ఎం దగ్గరే ఉండాలి, పంచాయతీ ఫైల్లో మొత్తం అంకె మాత్రమే. పోషకాహారం కొన్నప్పుడు రసీదు మీద ఎన్ని బుట్టలో రాయించి, అందినట్టు ఆశా సంతకం తీసుకోండి, పేషెంట్ సంతకం ఆడిట్ కాగితాల్లో పెట్టొద్దు. జనవరి కల్లా ఖర్చు ఎంతయిందో చూసుకుని మిగిలినదాంతో ఇంకో క్యాంపు పెట్టెయ్యండి, మార్చి ఆఖర్లో ట్రెజరీ దగ్గర తొక్కిసలాట ఉంటుంది. వినియోగ పత్రం, యూసీ అంటారు కదా, అది ఇవ్వకపోతే కమిటీ ఖాతాకి వచ్చే ఏడాది డబ్బు ఆగిపోతుంది, కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే పీహెచ్‌సీలో ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి, అదే రోజు ఎస్టీఎస్ దగ్గర ఏడాది అంకెలు మళ్లీ రాయించుకుంటే అక్టోబర్ గ్రామసభకి మీ దగ్గర పాత అంకె, కొత్త అంకె రెండూ పక్కపక్కన ఉంటాయి.